ఎన్ని రాసి పారేశావురా?

కిందటి దసరాకి మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే, నేనింకా ఇడ్లీ రేకులు కడుగుతూ ఉండగానే, ల్యాప్‌టాప్ తెచ్చి వంటగట్టు మీద పెట్టాడు. "అమ్మా, ఇటు చూడు" అన్నాడు. తెర మీద ఒక పచ్చగీత. ఎడమ పక్క కింది మూలలో బయల్దేరి, మెట్లెక్కినట్టు కుడి పక్క పైదాకా పోయింది. మధ్యలో అక్కడక్కడా చిన్న గతుకులు, అంతే.

"ఇదేమిట్రా?"

"నేను రాసిన స్ట్రాటజీ. 2020 జనవరి నుంచి మార్కెట్ లెక్కలన్నీ తెచ్చి దాని మీద నడిపాను. 2 లక్షలు పెట్టి ఉంటే ఈపాటికి 9 లక్షలయ్యేవి."

"అయ్యేవి" అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని కదా, క్రియాపదాలు చెవికి త్వరగా తగులుతాయి. అయ్యాయి అనలేదు, అవుతాయి అనలేదు. అయ్యేవి అన్నాడు.

అసలు సంగతి కాసేపటికి బయటపడింది. నవంబరులో నేను పాడుకోవాలనుకున్న చిట్టీ ఉంది, అన్నీ పోను చేతికి 4 లక్షలు వస్తాయి. అది మా చిన్నదాని చదువుకి. ఇంటర్ రెండో సంవత్సరం, వచ్చే జూన్‌లో ఏ కాలేజీలో సీటొచ్చినా మొదట అడిగేది ఫీజే. "అప్పటిదాకా ఊరికే బ్యాంకులో పడుంటాయి కదమ్మా, నాకివ్వు" అన్నాడు. మావారు పేపర్లోంచి తలెత్తకుండానే, "వాడు చదువుకున్నవాడు, మనకేం తెలుసు, ఇచ్చెయ్యి" అన్నారు.

ఈ "మనకేం తెలుసు" గురించే ఇవాళ మీతో చెప్పాలనిపించింది. ఇలాంటి పచ్చగీతలు ఇప్పుడు చాలా ఇళ్ళలోకి వస్తున్నాయి. కొడుకో, అల్లుడో, మరిదో తెస్తున్నాడు. డబ్బు మాత్రం తరచుగా మన చీటీల్లోంచో, మన బంగారం మీద అప్పులోంచో వెళ్తోంది. ప్రోగ్రామ్ రాయడానికి కంప్యూటర్ చదువు కావాలి, ఒప్పుకుంటాను. అది నమ్మదగ్గదా కాదా అని అడగడానికి మాత్రం అక్కర్లేదు. నా మాటేమిటంటే, ఆ ప్రశ్న రాసినవాడు కాకుండా ఇంకొకరు అడగాలి. ఎవరి పేపరు వాళ్ళే దిద్దుకుంటే ఎవరైనా ఫస్టు క్లాసే.

ముందు వాడి ప్రోగ్రామ్ ఏం చేస్తుందో చెప్తాను, నాకర్థమైనంతలో. నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ. అది ఫలానా అంకె దాటి పెరిగితే, లేదా తగ్గితే, ఆ తేడా మేం కడతాం అని ఒప్పుకుని ముందుగా ప్రీమియం పుచ్చుకోవడమే ఆప్షన్ అమ్మడం. ఇన్సూరెన్సు కంపెనీ చేసే పనే ఇది. మార్కెట్ 9:15కి తెరుస్తారు. వీడి ప్రోగ్రామ్ 9:20కి పెరిగే వైపూ తగ్గే వైపూ రెండూ అమ్ముతుంది, 3:15కి రెండూ తిరిగి కొనేసి లెక్క ముగిస్తుంది. ఆ రోజు మార్కెట్ పెద్దగా కదలకపోతే ప్రీమియంలో కొంత మిగులుతుంది. ఏ వైపు ప్రీమియమైనా 25 శాతం పెరిగితే అక్కడికి నష్టం చాలని ఆ వైపు మూసేస్తుంది. దాన్ని స్టాప్ లాస్ అంటారు. మన దేశంలో ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌తో ట్రేడింగ్ చేసే కుర్రాళ్ళలో చాలామందికి ఈ 9:20 గొడవ తెలుసట.

ఇందులో మంచి లేకపోలేదు. నియమం ముందే రాసి పెట్టుకోవడం, కోపంలోనూ ఆశలోనూ దాన్ని మార్చకపోవడం నాకు నచ్చింది. మా చిన్నాన్న ఫోన్లో బ్రోకర్‌ని తిడుతూ షేర్లు కొనడం చూసి పెరిగినదాన్ని.

నేనడిగిన మొదటి ప్రశ్న చాలా మామూలుది. "9:20కే ఎందుకు? 9:25కి ఎందుకు కాదు?"

"అన్నీ చూశానమ్మా. 9:20కే బాగా వచ్చింది."

"25 శాతమే ఎందుకు?"

"అదీ అంతే."

అప్పుడడిగాను, "మొత్తం ఎన్ని రాసి పారేశావురా?"

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. మొదలుపెట్టే సమయాలు 6, స్టాప్ లాస్‌లు 7, ముగించే సమయాలు 5 చూశాడట. ఆరేళ్ళు నలభై రెండు, నలభై రెండు అయిదులు రెండొందల పది. 210 గీతలు గీసి, అందులో అందమైనదాన్ని తెచ్చి నాకు చూపించాడన్నమాట. మిగతా 209 చెత్తబుట్టలో ఉన్నాయి. పెళ్ళిచూపులకి 210 ఫోటోలు తీయించుకుని ఒకటి పంపినట్టు. ఆ ఒక్క ఫోటోతో అమ్మాయి ఎలా ఉంటుందో తెలుస్తుందా?

వాడికి నేను అవధానం గుర్తు చేశాను. మా కాలేజీ రోజుల్లో గుంటూరులో ఎక్కడ అష్టావధానం జరిగినా మా తెలుగు మేడమ్ మమ్మల్ని తీసుకెళ్ళేవారు. అందులో సమస్యాపూరణం ఉంటుంది. పృచ్ఛకుడు పద్యం చివరి పాదం ఇచ్చేస్తాడు, అవధాని పైన మూడు పాదాలూ కడతాడు. చివర ఏమవుతుందో ముందే తెలుసు, దానికి తగ్గట్టు పైన అల్లుకోవచ్చు. నిషిద్ధాక్షరి అలా కాదు. అవధాని ఒక అక్షరం చెప్తాడు, పృచ్ఛకుడు తర్వాతి అక్షరం ఫలానాది రాకూడదంటాడు, మళ్ళీ ఇంకోటి, మళ్ళీ అడ్డు. ముందేం వస్తుందో తెలియదు, ఎదుటివాడు మన దారి కనిపెట్టి మరీ మూసేస్తుంటాడు. "నువ్వు నాకు చూపించింది సమస్యాపూరణం. డబ్బు పెట్టేది నిషిద్ధాక్షరిలో" అన్నాను. వాడికి అవధానం తెలియదు, యూట్యూబ్‌లో పెట్టి చూపించాల్సొచ్చింది. అది వేరే బాధ.

రెండో ప్రశ్న ఆ గీతలోని గతుకుల గురించి. 2020లో కరోనా వచ్చి మార్కెట్ కుప్పకూలింది కదా, మీ గీతలో ఆ గొయ్యి ఏదీ అని. "ఆ రోజులు తీసేశాను. అవి అసాధారణ రోజులు" అన్నాడు. మొత్తం 11 రోజులు తీసేశాడు. 2020 మార్చి 23 తీసేశాడు. ఆ రోజు నిఫ్టీ 13 శాతం పడింది, మధ్యలో 45 నిమిషాలు ట్రేడింగే ఆపేశారు. మరి స్టాప్ లాస్ అంటున్నాడే, బజారే మూసేసినప్పుడు ఆ స్టాప్ లాస్ ఎవరికి వెళ్ళి చెప్తుంది? 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు, అదీ తీసేశాడు. ముందురోజు 3 శాతానికి పైగా పెరిగిన నిఫ్టీ ఆ ఒక్కరోజులో దాదాపు 6 శాతం పడింది.

ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. మన ఇంటి ఖర్చు పుస్తకం తీసి చూడండి. పాలు, కూరలు, కరెంటు బిల్లు ఏ నెల చూసినా ఒకటే. మనల్ని కుదిపేసేది అత్తగారి ఆపరేషన్, ఆడపడుచు కూతురి పెళ్ళి, మోటారు కాలిపోయిన నెల. అవి అసాధారణం అని తీసేస్తే మా ఇంట్లో ప్రతి నెలా మిగులే! ఇన్సూరెన్సు కంపెనీ పెట్టి, ఇల్లు కాలిన రోజులు లెక్కలోంచి తీసేస్తే ఎప్పుడూ లాభమే.

ఖర్చులు వేశావా అంటే వేశానన్నాడు. రోజుకి 40 రూపాయలట, ఆర్డరుకి 20 చొప్పున. నేను పోపు డబ్బా పక్కన పెట్టి పుస్తకం తెచ్చాను. పొద్దున రెండు అమ్ముతావు, సాయంత్రం రెండు కొంటావు, నాలుగు ఆర్డర్లు కదా? 80 అవ్వాలి. దాని మీద జీఎస్టీ 18 శాతం, 14 రూపాయల 40 పైసలు. అప్పుడే నాలిక కరుచుకున్నాడు. తర్వాత రేటు. రైతుబజార్లో బోర్డు మీద టమాటా 20 అని రాసుంటుంది, మన సంచీలోకి వచ్చేసరికి 22. తెర మీద కనిపించిన రేటుకే ప్రతిసారీ దొరుకుతుందని వీడు రాసుకున్నాడు. ఆర్డరుకి ఒక్క రూపాయి తేడా వచ్చిందనుకోండి. అప్పటికి నిఫ్టీ లాటు 75, అంటే ఆర్డరుకి 75, నాలుగు ఆర్డర్లకి రోజుకి 300. ఇక లాభం చూద్దాం. 7 లక్షలు, సుమారు 1,400 పనిరోజులు, రోజుకి 500. అందులో ఈ 300 తీసి, తక్కువ వేసిన బ్రోకరేజీ, జీఎస్టీ 54 రూపాయల 40 పైసలు తీస్తే మిగిలింది 145 చిల్లర. ప్రభుత్వానికి కట్టే పన్నులు ఇంకా వెయ్యలేదు. ఆ 11 రోజులు ఇంకా కలపలేదు.

"అయితే ఇది వదిలేయ్, ఇంకోటుంది" అని రెండో గీత తీశాడు. ఇది ఆప్షన్లు కాదు, షేర్లు. నిఫ్టీలో ఉన్న 50 కంపెనీల్లో, కిందటి ఆరు నెలల్లో బాగా పెరిగినవి కొని, నెల నెలా మార్చుకుంటూ పోవడం. 2008 నుంచి పరీక్షించాడు. గీత ఇంకా అందంగా ఉంది.

ఆ కంపెనీల జాబితా కిందికి జరిపి చూశాను, అడిగాను. "సత్యం ఏదిరా?"

"సత్యం ఏంటి?"

వాడికి తెలియదు పాపం, అప్పుడు ఏడేళ్ళవాడు. మన తెలుగిళ్ళలో ఎవరికి తెలియదు చెప్పండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలన్నీ దొంగవని రామలింగరాజు గారే ఉత్తరం రాశారు. ఒక్క రోజులో షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఎగిరిపోయింది. మా చిన్నాన్న వారం రోజులు గుమ్మం దాటలేదు. అప్పటిదాకా అది నిఫ్టీలో ఉన్న కంపెనీయే. ఆ తర్వాత తీసేశారు. యెస్ బ్యాంక్‌నీ అలాగే 2020లో తీసేశారు. వీడేం చేశాడంటే ఇవాళ్టి 50 పేర్లు తీసుకుని వెనక్కి 2008కి వెళ్ళిపోయాడు. అంటే పడిపోయినవాళ్ళెవరూ ఆ జాబితాలో లేరు, గట్టెక్కినవాళ్ళే ఉన్నారు. ఆ రోజుల్లో నిజంగా కొనేవాడికి ఎవరు గట్టెక్కుతారో ఎలా తెలుస్తుంది? మా చిన్నాన్నకి తెలిసిందా?

అప్పటికి వాడి ముఖం మాడిపోయింది. "నీకు నా మీద నమ్మకం లేదమ్మా" అన్నాడు. "నీ మీద ఉంది, నీ గీత మీదే లేదు" అన్నాను గానీ, ఆ మాట వాడి చెవికెక్కలేదు. మధ్యాహ్నం సరిగ్గా తినలేదు. రాత్రి బస్సుకి వెళ్ళిపోతూ, కట్టి ఉంచిన కందిపొడి, సున్నుండల డబ్బా కూడా మర్చిపోయి వెళ్ళాడు. మావారు రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. పిల్లాడి ఉత్సాహం మీద నీళ్ళు పోశానట. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. పిల్లలు ఏదైనా చేసి తెచ్చి చూపించినప్పుడు ముందు బాగుంది అనడం నేర్చుకున్నవాళ్ళం కదా మనం. రాత్రుళ్ళు మేలుకుని రాసుకున్నదాన్ని వంటగట్టు మీద గంటలో ముక్కలు చేశాను.

నాలుగో రోజు ఫోన్ చేశాడు. "అమ్మా, అన్నీ కలిపి మళ్ళీ నడిపాను. గీత వంగిపోయింది" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు, అదోరకం ఆసక్తి ఉంది. నేనడిగిన ప్రశ్న ఇంటర్నెట్‌లో వెతికాడట. బెయిలీ, లోపెజ్ డి ప్రాదో మొదలైనవాళ్ళు 2014లో అమెరికా గణిత సంఘం పత్రికలో దీని గురించే రాశారట. ఐదేళ్ళ లెక్కల మీద ఒకదానికొకటి సంబంధం లేని పద్ధతులు 45కి మించి ప్రయత్నిస్తే, అసలు ఏ సత్తా లేకపోయినా వాటిలో ఒకటి బ్రహ్మాండంగా కనిపించడం దాదాపు ఖాయమట. "నావి 210 అయినా ఒకదానికొకటి దగ్గరివే కదా, అన్నీ వేరువేరని లెక్కెయ్యకూడదు" అని కొంచెం బేరమాడాడు. సరే, సగం వేసుకో అన్నాను. అప్పటికీ 105.

నాకు బాగా నచ్చింది వెన్న కథ. డేవిడ్ లైన్‌వెబర్ అనే ఆయన అమెరికా షేర్ల సూచీతో ఏది కలిసి నడుస్తుందా అని ప్రపంచ దేశాల లెక్కలన్నీ వెతికాడు. బంగ్లాదేశ్‌లో తీసిన వెన్న దొరికింది! ఆ వెన్న లెక్కతోనే సూచీ కదలికల్లో 75 శాతం సరిపోయింది. దానికి అమెరికా చీజ్, గొర్రెల సంఖ్య కూడా కలిపితే 99 శాతం. ఆయన ఇదంతా హెచ్చరిక కోసం, హాస్యానికి చేశాడు. తర్వాత కొందరు ఆయనకి ఫోన్ చేసి, ఈ ఏడాది వెన్న ఎంత తీశారండీ అని అడిగేవారట. మజ్జిగ చిలికే మనకి ఆ మాత్రం నవ్వొస్తుంది గానీ, 9:20కి, 25 శాతానికి, వెన్నకి తేడా ఏమిటో పచ్చగీత ఒక్కదాన్ని చూసి చెప్పలేం.

ఇంకో మాట కూడా చెప్పాలి. "కంప్యూటర్ అయితే తప్పు చెయ్యదు, మనుషులే పోగొట్టుకుంటారు" అనేవాళ్ళున్నారు. సెబీ 2024 సెప్టెంబరులో లెక్కలు బయటపెట్టింది. 2021–22 నుంచి మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన మామూలు మనుషులు కోటి మందికి పైగా ఉంటే, అందులో 93 శాతం మంది నష్టపోయారు. తలకి సగటున 2 లక్షలు. మొత్తం 1.8 లక్షల కోట్లకు పైనే. మరి లాభపడ్డదెవరు? ఆ చివరి ఏడాదిలో విదేశీ సంస్థల లాభాల్లో 97 శాతం, సొంత డబ్బుతో ఆడే పెద్ద సంస్థల లాభాల్లో 96 శాతం కంప్యూటర్ ట్రేడింగ్ ద్వారా వచ్చినవే. అంటే మావాడు కంప్యూటర్ పట్టుకుని వెళ్తున్నది మనుషుల మీదకి కాదు, తనకంటే పెద్ద కంప్యూటర్ల మీదకి. అదే నివేదికలో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే సగటున తక్కువ పోగొట్టుకున్నారని కూడా ఉంది. మురిసిపోవడానికేమీ లేదు లెండి.

మావాడు కనీసం తనే రాసుకున్నాడు. రెడీమేడ్‌గా అమ్మేవాళ్ళు వేరే ఉన్నారు. టెలిగ్రామ్ గ్రూపుల్లో, నెలకి ఇంత గ్యారంటీ అని. మా వీధిలో ఒకావిడ గాజులు తాకట్టు పెట్టి అలాంటిదొకటి కొంది, పేర్లు వద్దు. ఇలాంటి ఆల్గో సేవలిచ్చే బ్రోకర్లు పాత లాభాలు గానీ, రాబోయే లాభాలు గానీ చూపించి ప్రచారం చెయ్యకూడదని సెబీ 2022 సెప్టెంబరులోనే చెప్పింది. లోపలి సూత్రం బయటపెట్టకుండా అమ్మేవాళ్ళు రీసెర్చ్ అనలిస్టుగా నమోదు చేసుకోవాలని 2025 ఫిబ్రవరిలో చెప్పింది. కాబట్టి ఎవరైనా గీత చూపిస్తే, ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. గీత కింద అది రాసుండదు.

మా ఇంట్లో చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. చిట్టీ డబ్బు చిన్నదానిదే. వాడు తన 9:20 ప్రోగ్రామ్‌ని డబ్బు పెట్టకుండా, రోజూ మార్కెట్ నడుస్తుండగా కాగితం మీద నడపాలి. సాయంత్రం 4 గంటలకి నాకు అంకె పంపాలి, నేను పుస్తకంలో రాస్తాను. నియమం మారిస్తే మార్చుకో గానీ, మార్చిన రోజు నాకు చెప్పాలి, అది ఎర్ర పెన్నుతో రాస్తాను.

సంక్రాంతికి వచ్చేసరికి 60 పనిరోజులయ్యాయి. భోగినాడు ఇద్దరం వరండాలో కూర్చుని కూడాం. ఖర్చులు తియ్యకముందు లాభం 19,000. రోజుకి 394 రూపాయల 40 పైసల చొప్పున ఖర్చులు 23,600 పైచిలుకు. అంటే 4,600 పైచిలుకు నష్టం, కాగితం మీద. ఎర్ర పెన్ను మూడుచోట్ల ఉంది. మూడూ వరసగా రెండు రోజులు నష్టం వచ్చిన మర్నాడే. వాడు ఆ మూడు చోట్లా వేలు పెట్టి చాలాసేపు చూశాడు. నేనేమీ అనలేదు. మావారు అరిసెల పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టి, "60 రోజులు చాలదేమో కదా, అదృష్టం బాగాలేక అయ్యుండొచ్చు" అన్నారు. ఆ మాటా నిజమే. 60 రోజుల నష్టం చూసి పనికిరాదని తేల్చడం కూడా గీత చూసి నమ్మడం లాంటిదే. వాడూ అదే అన్నాడు. ఇంకో ఆరు నెలలు కాగితం మీదే నడుపుతానన్నాడు. ఆ తర్వాత పెట్టాలనిపిస్తే వాడి జీతంలోంచి పెట్టుకుంటాడు, పోయినా పర్వాలేదనుకున్నంత.

ఈసారి సున్నుండల డబ్బా మర్చిపోలేదు.

ఇప్పుడు ఇంకోటేదో రాస్తున్నాడు. నిన్న సాయంత్రం నేను వంకాయ కూర పొయ్యి మీద పెట్టిన వేళకి ఫోన్ చేసి, "పదిహేడు" అన్నాడు.

"పదిహేడేంట్రా?"

"పారేసినవి."

రాసుకుంటానులే అని ఫోన్ పెట్టేశాను, కూర అడుగంటుతోంది.